వానకు మూత వేసిన మడి

మొన్న మైదుకూరు మార్కెట్లో ఉన్నట్టుండి చినుకులు పడ్డాయి. హమాలీలు పసుపు రాసుల మీదికి పట్టలు లాగుతుంటే నా చేతులు కూడా లేచాయి. ఆ పని అవి నేర్చుకున్నది కర్నూలు దగ్గర, గోధుమ మీద పరిశోధన చేసే ఒక ఫారంలో. అత్తాకోడళ్ళం అక్కడ కూలికి పోయేవాళ్ళం. తినేది జొన్నసంగటి, సాకేది గోధుమను.

అక్కడ ఒక మడికి చక్రాల మీద నడిచే ప్లాస్టిక్ కప్పు ఉండేది. వాన వస్తే చెరో తాడు పట్టి దాన్ని మడి మీదికి లాగాలి. వాన కోసం కప్పను రోకలికి కట్టి ఊరంతా తిప్పే మాకు, వానను ఆపడానికి కూలి. ఆ మడి చూసుకునే ఫారం సారు మంచివాడే. నీళ్ళు అందనప్పుడు ఏ మొక్క వేరు లోతుకు దింపుతుందో, ఏది ఆకు వాడకుండా గింజకు పాలు అందిస్తుందో చూసి, దాన్ని బాగా పండే రకంతో కలిపి కొత్త విత్తనం తీస్తాననేవాడు. అందుకని ఆ మడి దాహంతోనే పెరగాలి. మా అత్తకు అది మింగుడు పడలేదు. ఆ గట్టున నడిచేటప్పుడు, పస్తున్న పిల్లల ముందు నుంచి పోతున్నట్టు మొహం తిప్పుకునేది.

గింజ పాలు పోసుకునే వేళ మబ్బు పట్టింది. నేను తాడు అందుకున్నాను. అత్త తన తాడు ముట్టలేదు.

"లాగు అత్తా, సారు చూస్తాండాడు."

"చూడనీ. ఏం పాపం జేసిందే ఈ పైరు? పైనోడు పోస్తాంటే అడ్డం పడే పని యాడైనా ఉండాదా?"

సారు పరుగెత్తుకొచ్చాడు. "అమ్మా, ఈ మడి ఎండితేనే రేపు మీ చేలకు పనికొచ్చే విత్తనం వస్తుంది."

"మా చేను ఎండే ఉండాది గదప్పా. దాన్ని చూసుకోరాదా?"

నా ఒక్కదాని లాగుడుకు కప్పు వంకరపోయి ఇరుక్కుంది. వాన దంచింది. సారు తడుస్తూ నిలబడ్డాడు. ఆ ఏటి పరీక్ష పోయింది, మా అత్త పనీ పోయింది. మా జొన్నకూ వాన అంది ఉంటుందని ఆమె గబగబా ఇంటిదారి పట్టింది. ఊరి పొలిమేర దాకా తడి, అది దాటితే దుమ్ము. చేలో చుక్క పడలేదు. గట్టు మీద కూర్చుని తడిసిన కొంగు పిండింది. మా చేనుకు దక్కిన నీళ్ళు అవే.

మరుసటి ఏడు ప్రతి వానకూ నేను తాడు లాగాను. కూలి లేకపోతే పొయ్యి వెలగదు. తర్వాత సారు బదిలీ అయ్యాడు, కొత్తగా వచ్చినాయన ఆ మడే తీసేశాడు. అత్త పోయి శానా కాలమైంది. ముసలితనంలో అక్షరాలు నేర్చుకున్నాక, విత్తనాల అంగట్లో సంచుల మీది రాత చదువుతుంటాను. కరువును తట్టుకుంటుందని రాస్తారు, ఎవరి కరువో రాయరు. మొక్కకు ఓర్పు పట్టుబడటానికి ఇంకా కొన్నేళ్ళు కావాలనేవాడు సారు. ఆ ఏళ్ళు ఎప్పుడో గడిచిపోయాయి, ఓర్చుకున్నది మేమే.