రైల్వే గేటు దగ్గర ఎక్కిన బండి

రెండు వేల సంవత్సరం రాగానే కంప్యూటర్లు తికమకపడతాయని అందరూ చెప్పుకుంటున్న రోజులవి. మాదాపూర్‌లోని మా ఆఫీసులో, తేదీల్లో రెండంకెలున్న ఏడాదిని నాలుగంకెలు చేయడమే పని. ఎందుకో అర్థమయ్యేది. ఎలాగో మాత్రం ఆర్నెల్లయినా నాకు అంతుపట్టలేదు.

వానాకాలంలో ఒక ఆదివారం తొమ్మిదిమందిమి ఐదు బండ్ల మీద అనంతగిరి కొండలకు బయలుదేరాం. కూకట్‌పల్లిలో మా పిన్నిని ఒప్పించి వచ్చేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. మీకో మాట చెప్పాలంటూ మా టీమ్ సీనియర్ బండి వెనక కూర్చున్నాను. ఆయనది కర్నూలు. నల్ల రెయిన్‌కోటు తొడుక్కుని, దాని టోపీ నుదుటి దాకా లాక్కున్నాడు.

గచ్చిబౌలి దాటాక ఇళ్ళు పలచబడ్డాయి. బండరాళ్ళు, జొన్నచేలు, తడిసిన మేకల మందలు. శంకర్‌పల్లి దగ్గర రైల్వే గేటు పడింది. గూడ్సు ఎంతకీ రాలేదు. నేను దిగి, కంకులు కాలుస్తున్న చోట చలి కాచుకున్నాను. ఆఖరికి రైలు పోయింది, గేటు లేచింది, బండ్లన్నీ ఒక్కసారే స్టార్టయ్యాయి. ఆ పొగలో పరుగెత్తుకొచ్చి నల్ల రెయిన్‌కోటు వెనక ఎక్కేశాను.

ముఖం కనబడకపోతే మాట్లాడటం తేలిక. వారంగా ఆయనకు చెప్పాలనుకున్న మాట అప్పుడు చెప్పేశాను.

"ఈ ఉద్యోగం నా వల్ల కావట్లేదండి. మానేద్దామనుకుంటున్నాను."

గాలికి వినబడలేదేమోనని గట్టిగా మళ్ళీ చెప్పాను. భుజాలు ఒకసారి లేచి దిగాయి, అంతే. కోపమొచ్చిందా? పోతే పో అనుకున్నాడా?

బండి ఎడమకు తిరిగి మట్టిరోడ్డెక్కింది. ముందూ వెనకా చూశాను. మిగతా నాలుగు బండ్లూ లేవు.

"మనవాళ్ళేరండి?"

"అందరు పొద్దుగాలనే పోయిండ్రు గదా. తాళి కట్టే టైముకన్న పోతమో లేదో," అన్నాడు వెనక్కి తిరక్కుండానే.

తాళేమిటో అర్థం కాలేదు. ఆ గొంతూ అర్థం కాలేదు. ఆఫీసులో ఎవరిదో పెళ్ళి, నాకు చెప్పలేదేమోనని మనసు చిన్నబుచ్చుకున్నాను కూడా.

"ఎవరి పెళ్ళండి?"

బండి ఆగింది. ఆయన తిరిగి చూశాడు. యాభై ఏళ్ళ మనిషి, నెరిసిన మీసాలు.

"ఎవరమ్మా నువ్వు? మా ఇంటామె ఏది?"

గబుక్కున దిగి దూరం జరిగాను. చుట్టూ పత్తిచేలు, పిలిస్తే పలికే మనిషి లేడు. ఆయన నాకంటే ఎక్కువ భయపడ్డాడు. ఏం పోయిందో తెలియనివాడిలా జేబులు తడుముకున్నాడు. కాసేపటికి, "ఎక్కు బిడ్డా, పరేషాన్ గాకు. గేటుకాడనే ఉంటది," అన్నాడు.

వెనక్కి వస్తుంటే అడిగాను. "ఉద్యోగం మానేస్తానంటే మీకు అనుమానం రాలేదా?"

"మా ఆమె అంగన్‌వాడీల పనిచేస్తది. దినాం గదే మాటంటది. నువ్వు 'అండి' అంటుంటె, జర కోపంల ఉన్నదనుకున్న."

గేటు గది మెట్ల మీద పట్టుచీరలో ఒకావిడ గొడుగు పట్టుకుని కూర్చుంది. పక్కన మా సీనియర్ తలవంచుకుని నిలబడ్డాడు. ఆయన ఖాళీ సీటుతో వెళ్ళిపోయి, టీ కొట్టు దగ్గర మిగతావాళ్ళు అడిగాకే చూసుకున్నాడట.

"ఇరవై ఏండ్ల సంది నీ ఎనుక కూసుంటున్న. మనిషి మారితె తెల్వదా?" అని ఆవిడ భర్తను దులిపేసింది. తర్వాత నన్ను దగ్గరకు పిలిచి కొంగుతో నా ముఖం తుడిచింది. "భయపడ్డవా బిడ్డా?" అనేసరికి నాకు ఏడుపొచ్చింది. అది భయమో, సిగ్గో, ఇంకేమిటో ఇప్పటికీ చెప్పలేను.

అనంతగిరిలో మబ్బులు చెట్ల మధ్యకు దిగి ఉన్నాయి. అందరూ నా మీద జోకులేసి అలసిపోయాక, సీనియర్ పక్కకొచ్చి అడిగాడు. "పొద్దున ఏమో చెప్పాలంటివి కదమ్మా, ఏంది?"

చెప్పేశాను కదండీ అనబోయి ఆగాను. చెప్పినట్టా, చెప్పనట్టా? మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునే ఓపిక లేకపోయింది.

"ఏం లేదండి," అన్నాను.

సోమవారం ఆఫీసుకు వెళ్ళాను. ఆ తర్వాత మూడేళ్ళు అక్కడే పనిచేశాను. ఉండాలని నేనే నిర్ణయించుకున్నానో, మానేస్తానన్న మాట ఎవరికో చెప్పేయడంతో తీరిపోయిందో నాకు తెలియదు.