లుంగీలు కాసినవాడు

అమ్మవారి మీద ఒట్టు, ఇందులో ప్రతి మాటా నిజం. రంగూన్ అహ్లోన్ పేటలో నన్ను ఎరిగినవాళ్ళు ఈ వాక్యం చదివి నవ్వుతారు. నవ్వనివ్వండి. ఇన్నేళ్ళుగా ఎన్ని కోతలు కోసినా అమ్మవారిని సాక్ష్యానికి పిలవడం ఇదే మొదటిసారి. పోయినేడు ఒక చేప పొడుగు గురించి పిలిచాను గానీ, అది లెక్కలోకి రాదు.

రేవు దగ్గర పాత బియ్యం మిల్లు గోడ పక్కన మాకో బాస్కెట్‌బాల్ కోర్టు ఉంది. సిమెంటు నేల, రెండు రింగులు. అందులో ఒకటి ఎడమకి వంగి ఉంటుంది. ఏనుగు ఒళ్ళు రుద్దుకుందని కొత్తవాళ్ళకి చెబుతూంటాను. సాయంత్రం పనులు దిగి వచ్చిన మగాళ్ళు లుంగీలు విప్పేసి నిక్కర్లతో ఆడతారు. ఫోన్లూ పర్సులూ ఆ లుంగీల్లోనే చుట్టి పెడతారు కాబట్టి ఎవడో ఒకడు కాపలా కూచోవాలి. అందరికన్నా ఆట రానివాడిదే ఆ పని. పొట్ట పెరిగి ఆట మానేసిన నేను స్కోరు రాస్తూ వాడి పక్కన కూచునేవాణ్ణి.

మా కాపలాదారు తాకేటా పేట కుర్రాడు. ఇరవై రెండేళ్ళు, తాటిచెట్టంత మనిషి. తన్లిన్‌లో ఫ్యాక్టరీ పని. బస్సు మారి మరీ వచ్చేవాడు. వాళ్ళ తాతా మా తాతా ఒకే ఓడలో దిగారని అందరికీ చెప్పాను. ఓడ సంగతేమో గానీ, నాతో తెలుగులో మాట్లాడే మనిషి ఊరు మొత్తానికి వాడొక్కడే మిగిలాడు. ఇంట్లో అక్క పిల్లలకి తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం బర్మా భాషలో వస్తుంది. టీ కొట్లో అందరికీ నేను ‘ఊలే’ని. అదీ బాబాయనే పిలుపే. కానీ చెవికి ఆనదు.

"ఒరే, సిగ్గు లేదేటి నీకు? ఎన్నాళ్ళిలా గుడ్డలు కాస్తావు?" అనేవాణ్ణి.

"ఆడితే బంతొక్కటే కనపడతాది బాబాయ్. కూకుంటే పదిమందీ కనపడతారు."

ఆదివారం పొద్దున్న టీ కొట్లో వాడి ఫోన్ కెటిలుకి ఆనించి అమెరికా ఆటలు చూసేవాళ్ళం. అక్కడ జట్లు కొత్తవాళ్ళని ఎంచుకునే రోజున ఆఖర్న పిలిపించుకున్నవాళ్ళుంటారు. అసలు పిలుపే రానివాళ్ళూ ఉంటారు. కొన్నేళ్ళకి చూస్తే వాళ్ళలోనే ఒకడు జట్టంతా భుజాన మోస్తూంటాడు. మాకు వాళ్ళే ముద్దు. మొదట్నుంచీ పేరున్నవాళ్ళు గెలిస్తే ఉత్త టీ, వీళ్ళు గెలిస్తే సమోసా కూడా.

"ఈడ్ని కాలేజీలో ఎవడూ కానలేదంట బాబాయ్," అనేవాడు.

"పొడుగోడివి, నువ్వు మాత్రం ఎవరికి కనిపించావురా?" అంటే పళ్ళన్నీ బయటపెట్టి నవ్వేవాడు.

ఒక సాయంత్రం బ్యాంకాక్ క్లబ్బు కోసం ఆటగాళ్ళని వెతికే పెద్దమనిషి వచ్చాడు. తెల్లబూట్లు. టీ ఇస్తే ముట్టలేదు. నా చేతిలో స్కోరు పుస్తకం చూసి, మీలో మంచి ఆటగాడెవరని అడిగాడు. నాకు తిక్క రేగింది. లుంగీల గుట్ట పక్కనున్న మావాడి మీదికి వేలు చూపించాను. "అతనే. ఎవరి కంటా పడకుండా దాచుకున్నాం" అన్నాను. నవ్వులపాలు చేద్దామనే. వాణ్ణి కోర్టులోకి దింపారు. వంగిన రింగు నుంచి బంతి ఎటు పడుతుందో రెండేళ్ళు కూచుని చూసినవాడు కదా, బంతి కంటే ముందే అక్కడున్నాడు. ఒకసారి ఎగిరి దిగి, నది అవతల ఎవరింట్లో ఏ కూర వండుతున్నారో చెప్పాడు.

నెల తిరక్కుండా బ్యాంకాక్ వెళ్ళిపోయాడు. మొదటి ఏడు అక్కడా బెంచీయే. రెండో ఏడు మొదటి అయిదుగురిలో ఒకడు. జీతం తీసుకుని ఆడే ఆటగాడు!

నాకు మాత్రం ఆదివారాలు పొడుగైపోయాయి. ఇప్పుడు కెటిలుకి నా ఫోనే ఆనించుకుంటున్నాను. మంచి బంతి పడితే "సూసావేట్రా" అని పక్కకి తిరుగుతాను. పక్క స్టూలు మీద ఎవరో బర్మా ఆయన మర్యాదకి తల ఊపుతాడు. కొన్నాళ్ళకి మనసులో తిట్టుకోవడం కూడా బర్మాలోనే వస్తోందని గమనించి భయపడ్డాను.

మొన్న సెలవుకి వచ్చాడు. టీ కొట్లో పదిమంది చుట్టూ మూగారు. నేను ఈ కథే వేలు చూపించి మరీ చెప్పాను. ఎవరో వాణ్ణే అడిగారు, నిజమేనా అని.

వాడు నా కప్పులో టీ పోస్తూ బర్మాలో అన్నాడు, "నిజమే. ఆయనే చూపించారు."

తర్వాత నా వైపు వంగి, తెలుగులో, "తాగు బాబాయ్, సల్లారిపోతాది" అన్నాడు.

ఒట్టు పెట్టాను కాబట్టి చెబుతున్నాను. కూర సంగతి ఎలాగూ మీరు నమ్మి ఉండరు. నేను కల్పించింది ఆ వేలు. ఆ సాయంత్రం నేను ఎవర్నీ చూపించలేదు. గీత దాటి వచ్చిన బంతిని మావాడు కూచున్నచోటే, నేల తాకకముందే ఒంటిచేత్తో పట్టాడు. అది చూసి ఆ పెద్దమనిషే అడిగాడు, అతనెవరని. "వదిలేయండి, మోకాలు చెడింది" అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు నాకు రెండు మూరల దూరంలో ఉన్నాడు. లేచి నా మొహం చూడకుండా గీత దగ్గరికి నడిచి, ఉన్నచోటే మూడుసార్లు ఎగిరి చూపించాడు.

ఆ మోకాళ్ళకి ఏ రోగమూ లేదని నాకు తెలుసు. వచ్చే ఆదివారం ఎవరితో మాట్లాడాలో, అదే తెలీలేదు.