"ఇది చస్తే?"

మా బాబాయి ఏ వస్తువుని చూసినా ముందు అడిగేది ఒకటే: "ఇది చస్తే?" జేబులో రెండు పెన్నులు, నెత్తిమీద రెండో కళ్లజోడు, నడుముకి బెల్టు, దానికింద బొందు. నన్ను భోజనానికి పిలవాలంటే ఫోన్ చేస్తాడు, చీటీ పంపుతాడు, ఆపైన పిన్నిని తోలతాడు.

"మూడో దారిని నేనేరా," అంటుంది పిన్ని ఆయాసపడుతూ. "లే, తిను."

గోడౌన్లలో ధాన్యం వేడెక్కుతోందా, చెమ్మ పడుతోందా అని కనిపెట్టే చిన్న పెట్టెలు బిగించడం మా పని. తీగలుండవు. ఒక పెట్టె కబురు పక్క పెట్టెకి చెబుతుంది, అది ఇంకోదానికి, అలా ఆఫీసుదాకా. నేను రెండో ఏడాదిలోనే కాలేజీని వదిలేసిన మేధావిని. కాలేజీ ఇంకా కోలుకోలేదని వినికిడి. కొత్తగా ఒప్పుకున్న గోడౌన్‌కి అరగంటలో నలభై పెట్టెలతో పటం గీసి పారేశాను. బాబాయి ఒకదానిమీద వేలు పెట్టాడు.

"ఇది చస్తే?"

"ఎందుకు చస్తుంది బాబాయ్, కొత్తదేగా."

"చస్తే దీని వెనక పన్నెండు మూగబోతాయి."

ఎనిమిది రోజులు నన్ను నిచ్చెన ఎక్కించి దించాడు. ప్రతి పెట్టెకీ ఇద్దరు పొరుగువాళ్లు అందాలట, పెట్టెలు మాత్రం పెరగకూడదట. మూడువేల మెట్లు ఎక్కాను, తక్కువ చేసి చెబుతున్నాను. చివరికి ముప్పై ఒకటితో తన పటం గీశాడు. నిచ్చెన ఆయన నెత్తిన వెయ్యాలనిపించింది, కానీ రెండో నిచ్చెన తెచ్చుకునుంటాడు.

పరీక్ష రోజున గోడౌన్ యజమాని తన చేత్తోనే ఒక పెట్టె పీకాడు. కబుర్లు ఇంకో దారిన ఠంచనుగా వచ్చాయి. ఆయన మురిసిపోయాడు. అక్కడితో ఆగితే బాగుండేది.

"ఇంత బాగా నడుస్తుంటే చూసుకోవడానికి ఇద్దరెందుకండీ? మీరొక్కరు చాలు. ఈ చదువు మానేసినాయన అక్కర్లేదు."

డిగ్రీ లేనివాడికి ఇంకెవరిస్తారు పని?

బాబాయి కళ్లజోడు తీసి, రెండోది పెట్టుకుని, ఆయన్ని నిదానంగా చూశాడు.

"నేను చస్తే?"

బాబాయి పటం పరిచాడు. కబుర్లన్నీ చేరేచోట రెండు సున్నాలు. కింద చీమ తలకాయంత అక్షరాలు: ఒకదానికి 'నేను', రెండోదానికి 'వీడు'. ఆ రెండో సున్నాని టీ గ్లాసు మరకనుకుని అంతకుముందు నేను రెండుసార్లు తుడవబోయాను.

"సర్లెండి, ఇద్దరూ ఉండండి," అన్నాడు యజమాని.

మర్నాడు పనికి రమ్మని బాబాయి ఫోన్ వచ్చింది. చీటీ వచ్చింది. చెప్పులేసుకుని గడపలోనే కూర్చున్నాను, అయినా పిన్ని వచ్చేదాకా కదల్లేదు. మూడో దారి పనిచేస్తోందో లేదో ఎవరో ఒకరు చూసుకోవాలిగా.