చాందిని నీళ్లు తాగిన రోజు

మా అద్దె ఇంటి కింది వాటాలో ఆదివారం పొద్దున ఉలవలు ఉడుకుతుంటే, ఆ మట్టి వాసనా తీపి వాసనా కలిసిన ఆవిరి మెట్లెక్కి పైకి వచ్చి, హనుమకొండలోని ఈ ఇరుకు గదిలోంచి నన్ను తీసుకుపోయి రఘునాథపల్లిలో మా పాత కొట్టం ముందు నిలబెడుతుంది. మనుషులు తినే ఉలవలు కావు నాకు గుర్తొచ్చేవి. పెద్ద గంజులో మెత్తగా ఉడికించి, చల్లార్చి, మా అవ్వ చేత్తో మెదిపి గుర్రాలకు పెట్టిన ఉలవలు.

అప్పుడు నేను ఆరో తరగతి. తెలంగాణ కోసం సమ్మె మొదలై బడికి తాళం పడింది, బస్సులు డిపోల్లోనే ఆగిపోయాయి, ఊళ్లోవాళ్లు పెద్దరోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని అక్కడే వరుసగా కూర్చుని తినేవాళ్లు. చెలకల్లో మొదటి పత్తికాయలు పగులుతున్న రోజులవి; గట్ల మీద తంగేడు విరగబూసింది, గునుగు తెల్లగా తలలెత్తింది, ఏ ఇంటి ముందుకు పోయినా మక్కకంకులు కాలుతున్న కమ్మని వాసన వచ్చేది. బతుకమ్మ దగ్గర పడుతోంది. ఏదో చాలా పెద్దది జరగబోతోందని పెద్దవాళ్ల మొఖాలు చూస్తేనే మాకు తెలిసేది.

జనగామలో పెళ్లి ఊరేగింపులకు గుర్రాలు నడిపే యాకూబ్ చిచ్చ మా నాయినకు చిన్నప్పటి దోస్తు. ఆయన కిరాయికి ఉంటున్న కొట్టం జాగాలో దుకాణాలు కడతామని ఖాళీ చేయమన్నారు. మా ఇంట్లో ఎడ్లను అమ్మేశాక కొట్టం ఊరికే పడి ఉంది కదా, ఇక్కడికే తోలుకురమ్మన్నాడు నాయిన. లారీలు తిరగడం లేదు కాబట్టి, చిచ్చ రెండు గుర్రాలనూ రోడ్డు వెంబడి నడిపించుకుంటూ వచ్చాడు. గోధుమరంగు పడుచుగుర్రం బాద్‌షా. వెనక, దాని భుజానికి మూతి ఆనించి నడుస్తున్న తెల్లగుర్రం చాందిని. అంత పెద్ద ప్రాణిని అంత దగ్గరగా చూడటం అదే మొదలు. మా వాకిలి ఒక్కసారిగా చిన్నదైపోయినట్టు అనిపించింది. చాందిని కళ్లు మాత్రం పాలు పోసినట్టు తెల్లగా ఉన్నాయి.

"దీనికి చూపు లేదు బిడ్డా," అన్నాడు చిచ్చ. "పాత కొట్టంల ఏది యాడున్నదో దీనికి ఎరుకే. ఈడ మళ్ల మొదటికెల్లి నేర్సుకోవాలె."

చూపు లేని ఆ గుర్రమే ఏళ్ల తరబడి పెళ్లికొడుకులను మోసింది, డప్పుల ముందు ఆడింది, చుట్టూ గంతులేసే పిల్లల్లో ఒక్కరి కాలు కూడా తొక్కలేదని నాయిన చెబుతుంటే నోరు తెరుచుకుని విన్నాను.

అవ్వ కొట్టం ఊడ్చి, ఈగలు పోవడానికి వేపాకు పొగబెట్టింది. చాందిని కొట్టుకోకుండా గుంజలకు గోనెసంచులు చుట్టాం. పాత కొట్టంలోని గడ్డిని, లద్దె అంటినదానితో సహా, చిచ్చ సంచిలో కట్టి తెచ్చాడు. సొంత వాసన ఉంటే భయం తగ్గుతుందని దాన్ని నేలంతా పరిచాడు. ఆ తర్వాత పని నాకు అప్పజెప్పాడు. నేను ముందు నడుస్తూ గోడను, గడపను, నీళ్ల తొట్టిని అరచేత్తో తడుతూ పోవాలి. ఆయన చాందినిని నా వెనక నడిపిస్తాడు. నేను తట్టిన ప్రతిచోటా అది ఆగి, మూతి ఆనించి, వాసన చూసేది. దాని వెచ్చని ఊపిరి నా మెడ మీద పడుతుంటే నాకు భయమూ సంతోషమూ వేరువేరుగా తెలియలేదు.

సాయంత్రానికి బాద్‌షా గడ్డి నమలడం మొదలుపెట్టింది. చాందిని మాత్రం ఒక మూల తలవంచుకుని నిలబడి గడ్డి ముట్టలేదు, నీళ్లూ ముట్టలేదు. మర్నాడూ అంతే. నాయిన సైకిలు మీద జనగామ పోయి, చాందినికి అలవాటైన పాత కొట్టం బోరింగు నీళ్లను క్యాన్లో పట్టి తెచ్చాడు. అవ్వ అందులో బెల్లం కలిపింది. చాందిని మొఖం తిప్పుకుంది. పశువుల దవాఖాన సమ్మెలో ఉంది. డాక్టరు కోసం నాయిన సమ్మె టెంటు దాకా పోయినా ఆయన దొరకలేదు. దాని డొక్కలు అదురుతున్నాయి. నీళ్లు లేకపోతే గుర్రానికి పేగు బిగుస్తుందని, బిగిస్తే బతకడం కష్టమని చిచ్చ నాయినతో మెల్లగా చెబుతుంటే విన్నాను. అవ్వ పెట్టిన జొన్నరొట్టె చిచ్చ పక్కన అట్లాగే ఎండిపోయింది.

ఆ తెల్లారి పొద్దున, పెద్దరోడ్డు మీదికి పోయే సమ్మె ఊరేగింపు ఊరి ఆ చివర బయలుదేరింది. డప్పుల మోత మా కొట్టం దాకా సన్నగా వినిపించింది. నేను తొట్టి పక్కనే కూర్చుని ఉన్నాను. చాందిని చెవులు అటు తిరిగాయి. వచ్చినప్పటినుంచి వంచిన తలను మొదటిసారి పైకెత్తింది. మోత దూరమైంది, చెవులు వాలిపోయాయి, తల మళ్లీ దిగిపోయింది.

ఎవరికీ చెప్పకుండా పరుగెత్తాను. ఊరేగింపు ముందు డప్పులవాళ్లకు పెద్ద ఐలయ్య మామ. ఆయన అంగీ పట్టుకుని, డప్పు వినగానే చాందిని తల ఎత్తిన సంగతి వగరుస్తూ చెప్పాను. ఆలస్యమవుతుందని వెనక నుంచి ఎవరో అన్నారు. ఐలయ్య మామ నన్నొకసారి చూసి, వాళ్లవైపు తిరిగాడు.

"గుర్రం నీళ్లు ముడుతలేదంటాంది పిల్ల. జర అటుకెల్లి పోదాం."

అంతమందీ మా వాకిట్లోకి వచ్చారు. బాద్‌షా బెదరకుండా జెండాలు చుట్టేయమన్నాడు చిచ్చ, చుట్టేశారు. ఐలయ్య మామ డప్పును ఎండుగడ్డి మంట మీద కాచి, పెళ్లికొడుకు ముందు వాయించే దరువును మెల్లగా, ఎవరినో నిద్ర లేపుతున్నట్టు మొదలుపెట్టాడు. చాందిని మెడ వంపు తిరిగింది. ముందు కాలు లేచింది, దిగింది. రెండోది లేచింది. మిగతా డప్పులు కలిశాయి. నిన్నటినుంచి వణుకుతున్న ఆ ఒళ్లు, ఆ చీకటి కొట్టంలో, ఉన్నచోటే ఆడటం మొదలుపెట్టింది; జూలు ఎగిరిపడుతోంది, గిట్టల కింద దుమ్ము లేచి ఎండపొరలో బంగారంలా తిరుగుతోంది. చిచ్చ తాడు విప్పి వదిలేశాడు.

దరువు ఆగింది. చాందిని ఒక్క క్షణం అట్లాగే నిలబడింది. తర్వాత తనంతట తానే కదిలి, గుంజకు తగలకుండా, గోడకు తగలకుండా, నేను తట్టి చూపించిన తొట్టి దగ్గరికి తిన్నగా నడిచి మూతి ముంచింది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, ఎవరూ నినాదమివ్వలేదు. దాని గొంతులో నీళ్లు దిగుతున్న చప్పుడు ఒక్కటే వాకిలంతా వినిపించింది. తొట్టి సగమయ్యేదాకా అంతమందీ అక్కడే నిలబడ్డారు. చిచ్చ తువ్వాలుతో మొఖం కప్పుకున్నాడు. ఐలయ్య మామ డప్పును కళ్లకద్దుకుని రోడ్డువైపు నడిచాడు. ఆయన వెనకే అందరూ.

ఆ తర్వాత చాందిని మా కొట్టాన్నే కాదు, వాకిలిని, పొలం గట్టును కూడా నేర్చుకుంది. సద్దుల బతుకమ్మ నాడు అవ్వ రొట్టెలో బెల్లం కలిపి మలీద ముద్దలు చేసి మొదటి ముద్ద దానికే పెట్టింది.

రాష్ట్రం వచ్చింది. చాందిని ముసలిదై మా పొలం గట్టునే కన్నుమూసింది. బాద్‌షాను కాజీపేటలో ఎవరికో ఇచ్చేశారు. ఊళ్లో పెళ్లిళ్లకు ఇప్పుడు డీజే బండ్లు వస్తాయి. ఐలయ్య మామ కొడుకులు డప్పు పట్టరు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టమూ వాకిలీ రెండూ పోయాయి.

మొన్న జనగామలో యాకూబ్ చిచ్చ కనిపించాడు. బాగా ముసలివాడయ్యాడు, బండి మీద సీతాఫలాలు అమ్ముతున్నాడు. కొట్టం ఉన్నదా అని అడిగాడు. లేదని చెప్పాను. 

"అయితే మంచిగైంది, చాందిని ముందుగాల్నే పోయింది," అన్నాడు. "మళ్లొక జాగ నేర్సుకునే తిప్పల తప్పింది."