ఇరవై ఒకటో పేజీలో చేప

ఫోను టింగుమంటే చాలు, నా గుండె ఇప్పటికీ గుభేలుమంటుంది. నిన్న సాయంత్రం మోగింది నాది కాదు, మా అమ్మాయిది. స్నానానికి పోతూ వంటగట్టు మీద వదిలేసింది. ఎవరు పంపారో, ఏం పంపారో అన్న గుబులుతో చెయ్యి దాని మీదికి పోయింది. అంతలో మస్తాన్ మామ గుర్తొచ్చి ఆగిపోయింది.

నంద్యాల బస్టాండు వెనక సందులో మస్తాన్ మామ పాత నవలలు అద్దెకిచ్చేవాడు. ఆ కొట్టుకొక ఆచారం ఉండేది. చదివిన నవలనే మళ్లీ ఇంటికి మోసుకుపోకుండా, ఇరవై ఒకటో పేజీ మూలన ఎవరి గుర్తు వాళ్లు పెన్సిలుతో పెట్టుకునేవారు. ఒకరిది చుక్క, ఒకరిది గొడుగు. నాది గాలిపటం. ఏ గుర్తు ఎవరిదో మామ ఒక్కడికే తెలుసు. అడిగితే, "నా కంటికి తెల్సు పాపా, నా నోటికి తెల్దు" అనేవాడు. హత్యల నవలల్లో ఒక చేప గుర్తు తరచూ కనిపించేది. "చేప ఉంటే కండ్లు మూసుకోని తీస్కపో. ఆయప్ప రుచి మంచిది" అని మామే చెప్పాడు. ఆ మాట ఎన్నడూ తప్పలేదు. ఆ చేప ఎవరో తెలియకుండానే నాకు ఆయన మీద అభిమానం పుట్టింది.

మా నాయన ఆళ్లగడ్డలో పాస్టరు. కథలన్నీ అబద్ధాలేనని ఆయన గట్టి నమ్మకం. "నవల చేతిలో కనపడిన దినమే కాలేజీ బందు" అని ముందే చెప్పేశాడు. రోజూ బస్సులో నంద్యాల వచ్చి చదువుకునే నాకు అంతకన్నా పెద్ద భయం లేదు. నవలకు రికార్డు పుస్తకం అట్ట తొడిగి బస్సులోనే చదివేదాన్ని.

ఇంతలో మామ అల్లుడు కొట్టులో కంప్యూటరు పెట్టాడు. గడువు దాటితే పుస్తకం పేరుతో సహా ఇంటి ఫోనుకు మెసేజి పోతుందట. మా ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను నాయన జేబులో ఉండేది. నాకన్నా మామే ఎక్కువ హడలిపోయాడు. "ఇన్నేండ్లు నేను మూసిన నోరు ఇది ఒక్క దినంలో తెరుస్తాదే!" అని తల పట్టుకున్నాడు. పుస్తకం పేరు లేకుంటే ఆ యంత్రం ఒప్పుకోదు. చివరికి దొంగచాటుగా చదివేవాళ్ల నవలలన్నిటికీ కంప్యూటర్లో తిండి పేర్లు పెట్టించాడు. ప్రేమ నవల ఉగ్గాని అయింది. నా హత్యల నవల రాగి సంగటి అయింది.

చదవడమైతే అయింది గానీ, సమ్మెతో బస్సులు నిలిచిపోయి గడువు దాటింది. బస్సులు మళ్లీ తిరగడం మొదలైన పొద్దున నాయన ఫోను నా ముందు పెట్టాడు. 'మీ రాగి సంగటి గడువు దాటినది. తిరిగి ఇవ్వగలరు. మస్తాన్, నంద్యాల.'

"ఏందీ ఇది? యాడ తింటాండావ్? తిన్న సంగటి ఎట్లా తిరిగిస్తావ్?"

నేను కాలేజీ సంచిని వెనక్కి జరుపుకున్నాను.

"పద. నేనూ వస్తా."

బస్సు దిగాక నాయన నాకన్నా ముందు నడిచాడు. నేను దారి చూపకముందే సందులోకి తిరిగాడు. భయంలో అది నాకు పట్టలేదు. ఆయన్ని చూసి మామ లేచి నిలబడ్డాడు.

"రాండి అయ్యగారూ. ఏం కావల్ల?"

"సంగటంట."

"పొరపాటున వచ్చింటాది. యంత్రం గదా" అన్నాడు మామ. నా వైపు కన్నెత్తయినా చూడలేదు.

నాయన నా ముందు చెయ్యి చాపాడు. సంచిలోంచి నవల తీసి ఇచ్చాను. నా చదువు ఇక అయిపోయిందనుకున్నాను. నాయన అట్ట చూడలేదు. నేరుగా ఇరవై ఒకటో పేజీ తీశాడు. నా గాలిపటం పక్కన మాసిపోయిన చేప. దాని మీద బొటనవేలు ఉంచాడు.

తర్వాత నవల మూసి నా చేతికిచ్చాడు. "సంగటి ఇచ్చేయ్ పాపా. కాలేజీకి టైమయితాంది."

ఆ సంగతి మేమిద్దరం మళ్లీ ఎన్నడూ మాట్లాడుకోలేదు. నాయన చనిపోయాక మామ దగ్గరికి వెళ్లి, ఇప్పుడైనా చెప్పమన్నాను. "మామా, ఆ చేప మా నాయనదే గదా?"

"ఏ చేప పాపా?" అన్నాడు.

ఇప్పుడు మామ కూడా లేడు. అమ్మాయి ఫోను మళ్లీ మోగింది. చూడాలని ప్రాణం పీకింది. నాకు ఆ గుబులు పోలేదు, పోదు కూడా. ఫోనును బోర్లా తిప్పి, తడి తగలకుండా పక్కకు జరిపాను.

అమ్మాయి తల తుడుచుకుంటూ వచ్చింది. "మెసేజి ఏమన్నా వచ్చిందామ్మా?"

"ఏ మెసేజి?" అన్నాను.