దుప్పట్లు కట్టిన గదిలో త్రోబాల్

మా గేమ్స్ మేడమ్ పోయారని మొన్న దుర్గ ఫోన్ చేసి చెప్పింది. దుర్గది దరియాలతిప్ప, నాది అడవిపొలం. యానాం పక్కనే ఉన్న ఆ రెండూళ్ల పిల్లలూ బళ్లో కలిసేవాళ్లు కాదు. ఆవిడే రాకపోతే మేమిద్దరం ఒకే గదిలో కూర్చుని, ఒక్క మాటైనా మాట్లాడుకోకుండానే టెన్త్ దాటేసేవాళ్లం.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో, యానాంలో మేం తొమ్మిది చదువుతుండగా వచ్చారావిడ. అప్పటిదాకా గేమ్స్ పీరియడంటే మగపిల్లలకి గ్రౌండు, మాకు వరండా. క్లాసులో అందరికన్నా పొడుగు నేనే. తాటిచెట్టంటారని వంగి నడిచేదాన్ని. మొదటిరోజే నన్ను చూసి, "నువ్వు నెట్ దగ్గరుంటే ఇంకేం కావాలే!" అన్నారు. వెక్కిరిస్తున్నారనుకున్నాను. పొగిడినవాళ్లని నమ్మే అలవాటు నాకు లేదు.

మమ్మల్ని పాత స్టోర్‌గదిలోకి తీసుకెళ్లి, కిటికీలకి దుప్పట్లు కట్టి, తలుపేసి త్రోబాల్ ఆడించేవారు. బంతి ఎవరికి విసురుతున్నామో వాళ్లని పేరు పెట్టి పిలవాలి. పిలిస్తే, "వినపడలేదు" అనేవారు. ఎవరికి ఎవరితో పడదో కనిపెట్టి హెడ్మిస్ట్రెస్‌కి మోస్తున్నారని మాలో మేం గుసగుసలాడుకునేవాళ్లం.

"తలుపులేసుకుని ఆటలేంటే? ఆవిడ మీద నాకు నమ్మకం లేదు," అంది అమ్మ. ఓ శుక్రవారం చేలో పని మానుకుని, నన్ను ఇంటికి లాక్కుపోదామని వచ్చి తలుపు తోసింది. లోపల చెమటలు కక్కుతూ, అరుస్తూ, నవ్వుతూ మేం.

"ఆ దుప్పట్లెందుకండీ?"

"మగపిల్లలు గోడెక్కి చూస్తున్నారమ్మా. వాళ్లు చూస్తుంటే వీళ్ల చేతులు పైకి లేవట్లేదు. మీ పేరేంటి?"

"కుమారి వాళ్లమ్మనండి."

"మీ పేరమ్మా."

అమ్మ అనుమానంగా చూసింది. "సువార్తమ్మ," అని గొణిగింది.

"వినపడలేదండి."

"సువార్తమ్మ!" కోపంగా అరిచింది.

ఆ వెంటనే దుర్గ, "సువార్తమ్మగారూ!" అంటూ బంతి విసిరేసింది. అమ్మ ఠక్కున పట్టేసుకుంది. మా అమ్మని ఎవరైనా గారు పెట్టి పిలవడం నేను వినడం అదే మొదలు. అమ్మ నన్ను లాక్కుపోయే మాటే మరిచిపోయింది.

"భయం పోయాక ఆడదామనుకోకండే, ఆడుతుంటే అదే పోద్ది," అనేవారు మేడమ్. ఏడాది తిరక్కుండా దుప్పట్లు మా చేతులతో మేమే విప్పి గ్రౌండుకెళ్లాం. నా నడుం నిటారుగా నిలబడింది. అమ్మకి బంతి విసరమని దుర్గకి ఆరోజు మేడమే సైగ చేశారేమోనని నాకు ఇప్పటికీ అనుమానం. మొన్న ఫోన్‌లో అడిగితే, ఏడుస్తూనే నవ్వింది గానీ చెప్పలేదు.

అమ్మ మొదటిసారి బంతి పట్టిన మరుసటి శుక్రవారమే మళ్లీ ఆ దుప్పట్ల గదికి వచ్చింది.

"ఇంకా అనుమానమేనా అమ్మా?" అన్నారు మేడమ్.

"అనుమానమేనండి. మా పిల్ల సరిగ్గా విసురుతుందో లేదోనని."

అంటూనే అమ్మ చెప్పులు గుమ్మం దగ్గర విడిచి, చెంగు నడుముకి బిగించి, వరసలో దుర్గ పక్కన నిలబడింది. మోకాళ్లు కొంచెం వంచి, రెండు చేతులూ ముందుకు చాపి.