పూత పోయిన కడియం

ఈ ఉదయం జనగామలోని నా దుకాణంలో ఒకావిడ పాత రాగి ఉంగరం చేతికిచ్చింది. చెమట పట్టిన వేళ్లకు రాగి వాసన అంటుకుంది. ఆ వాసన తగిలితే చాలు, నాకు సోమక్క గుర్తొస్తుంది.

మహబూబాబాద్‌లో నేను పనికి కుదిరిన నగల దుకాణంలో పాత నగలు శుభ్రం చేసి బాగుచేసేది సోమక్కే. నాకు పని నేర్పింది కూడా ఆమే. చదివింది ఐదో తరగతి. నగను అరచేతిలో ఆడించి, రాతి మీద ఒకసారి మోగించి, అది వెండో, జర్మన్ సిల్వరో, పూత వేసిన రాగో చెప్పేసేది. డిగ్రీ చదివిన నేను రెండేళ్లు పక్కన కూర్చుని కూడా సగంసార్లు తప్పే చెప్పేదాన్ని.

"వెండి నల్లబడుడు దాని తప్పు గాదు పిల్లా. మన చెమట, గాలి, తడి దాన్ని గట్ల చేస్తయి. కడిగినంక తడి లేకుంట తుడువు. నూలుబట్టల చుట్టి, డబ్బాల సుద్దముక్క ఎయ్యి, తడి గుంజుతది. రబ్బరు బ్యాండు మాత్రం చుట్టకు, దానికి వెండి ఇంక నల్లబడతది" అనేది.

మాటలన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాను. మనిషినే ఓర్వలేకపోయాను. పక్క ఊరు కేసముద్రం నుంచి వచ్చినవాళ్లు కూడా ఎదురుగా నేనుండగానే "సోమక్క లేదా?" అని అడిగేవాళ్లు. యజమాని చాయ్ తెప్పిస్తే మొదటి గ్లాసు ఆమెకే. అది కూడా గమనించేంత కుళ్లు నాది.

ఒకరోజు సోమక్క చుట్టాల పెళ్లికని డోర్నకల్ పోయింది. లంబాడీ తండా నుంచి ఒక ముసలామె నల్లబడ్డ కడియం తెచ్చింది. చనిపోయిన వాళ్లమ్మదట. "సోమక్క వచ్చినంక వస్త తీ" అంటూ వెనుదిరిగింది.

"నేను చెయ్యనా? ఆమె కంటె మంచిగ మెరిపిస్త" అన్నాను.

ఏ లోహమో చూడలేదు. ముసలామె కడియం నా చేతికిచ్చి వెళ్లాక మెరుగు పొడి వేసి, పంతం కొద్దీ బ్రష్షుతో రుద్దాను. నలుపు పోయింది, వెండీ పోయింది. అడుగు నుంచి ఎర్రగా రాగి బయటపడింది.

మర్నాడు సోమక్క కడియాన్ని చూసింది, నన్ను చూసింది. ముసలామె వచ్చి కడియం అందుకుని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా యాడి నాకు ఉత్త రాగిచ్చిందా?" అంది. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ.

"ఉత్త రాగి గాదవ్వా. మీద వెండి పూత ఉండె. మా చేతులనే పోయింది, తప్పు మాది. మళ్ల పూత ఎక్కిచ్చి ఇస్త. గని ఒక్కటి చూడు, గంత పలుచటి పూత ఇన్నేండ్లు నిలిచిందంటే మీ యాడి దాన్ని ఎంత పైలంగ దాచిందో!" అంది సోమక్క.

ముసలామె కళ్లు తుడుచుకుని సోమక్క చెంప నిమిరింది. నా తప్పును నా పేరెత్తకుండా కాచిన మనిషికి నేను దణ్ణం పెట్టాల్సింది. ఆ క్షణంలో కూడా, ఆ చెయ్యి నా చెంప మీద పడలేదే అని కుళ్లుకున్నాను.

ఆమె వెళ్లాక సోమక్క ఒక్కటే మాటంది. "నీ చెయ్యి మంచిదే. గని నగ పట్టుకునే ముందు, ఎవలిచ్చిన్రు, ఎట్ల దాచిన్రని అడుగు. సగం ఆడనే తెలుస్తది."

సోమక్క చనిపోయి మూడేళ్లయింది. ఇవాళ ఉంగరం తెచ్చినావిడతో, "ఇది ఎవరిచ్చారమ్మా?" అన్నాను. ఆవిడ నవ్వి, "సోమక్క గిట్లనే అడుగుతుండె. ఆమె దగ్గర నేర్చుకున్నవని తెలిసే వచ్చిన" అంది. ఇన్నేళ్ల తర్వాత కూడా లోపల ఎక్కడో చురుక్కుమంది. "అవునమ్మా, ఆమే నేర్పింది" అన్నాను. ఆమె బతికుండగా ఆ మాట ఒక్కసారి కూడా నా నోట రాలేదు.